ఇరవై ఒక్క రోజుల బాకీ

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు మెట్రోలో వెళ్తుంటే చైతన్యపురి తర్వాత వచ్చే స్టేషన్ విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరులో ఈ దారి తెరిచినప్పటి నుంచి ఆ పేరు రోజూ మైకులో వినబడుతూనే ఉంది గానీ, లండన్ రాణికి ఆ స్టేషన్ ఉన్న కొత్తపేటలో ఏం పని అని అడిగేవాళ్లు తక్కువ. 1901లో విక్టోరియా రాణి పోయాక ఆమె జ్ఞాపకార్థం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లోని ప్యాలెస్‌ను అనాథ పిల్లలకు వదిలిపెట్టాడు. ఆ ప్రాంగణం ఇప్పటికీ ఉంది. అదే కాలంలో అదే రాణి పేరు మీద ఇంకో రెండు పనులు జరిగాయి. 1903లో వైస్రాయి భార్య లేడీ కర్జన్, దేశంలోని దాయీలకు, అంటే మంత్రసానులకు, కాన్పు పని శాస్త్రీయంగా నేర్పించడానికి విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్స్ ఫండ్ పెట్టింది. 1906లో వేల్స్ యువరాణి హైదరాబాద్ వచ్చినప్పుడు మూసీ ఒడ్డున, ఇప్పటి హైకోర్టుకు దగ్గర్లో, విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి వేసింది.

మంత్రసానికి చదువు, తల్లికి ఆసుపత్రి, తల్లి లేని బిడ్డకు ఆశ్రమం. మొదటి రెండూ తప్పిన చోట మూడోది అవసరమవుతుంది. సరూర్‌నగర్ వాటాకు ఆ మూడోదే వచ్చింది. మిగతా రెండు ఇక్కడి చెరువు గట్టు దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రావడం ఎట్లా జరిగిందో నేను కొంత చూశాను. ఎనభైల చివర్లో ఏఎన్‌ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా, ఈ మండలంలో చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. నల్ల సంచితో మొదలుపెట్టిన ఉద్యోగం ట్యాబ్‌తో ముగిసింది. ఇప్పుడు మా వీధిలోని అమ్మాయిలు వీడియో కాల్‌లో మిడ్‌వైఫ్‌తో మాట్లాడుతుంటే కొందరు దాన్ని నిన్న మొన్నటి వింత అనుకుంటున్నారు. నాకు మాత్రం అది పాత బాకీ తీర్చే ప్రయత్నంలా కనిపిస్తుంది. ఆ బాకీ లెక్క చెప్పాలంటే మంత్రసానుల దగ్గర మొదలుపెట్టాలి.

నేను చేరిన నాటికి సరూర్‌నగర్ సగం ఊరు, సగం కాలనీ. దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమా హాళ్లు, బస్సులు. కొంచెం లోపలికి పోతే కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ, జిల్లెలగూడ వైపు పొలాలు, బర్రెలు. అక్కడ కాన్పులు చేసేవాళ్లు చాకలి, మంగలి, మాదిగ ఇళ్ల ఆడవాళ్లు. 1977 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రామీణ ఆరోగ్య పథకంలో భాగంగా దాయీలకు నెల రోజుల శిక్షణ నడిపేది. అది కొత్తగా వచ్చిన నాలాంటి వాళ్ల నెత్తిన పడేది. నా కన్నా మూడింతల వయసున్న మంత్రసానులను చెట్టు కింద కూర్చోబెట్టి ఐదు శుభ్రతలు వల్లె వేయించేదాన్ని: చేతులు, చోటు, బ్లేడు, దారం శుభ్రంగా ఉండాలి, బొడ్డు మీద ఏమీ రాయొద్దు.

చెప్పాల్సిన అవసరం ఉండింది మరి. కొడవలితో బొడ్డు కోసి, పేడ బూడిద అద్దే ఇళ్లు అప్పటికీ ఉన్నాయి. ధనుర్వాతంతో పసిగుడ్డు కొయ్యబారి, పాలు పట్టలేక ఏడో రోజో ఎనిమిదో రోజో పోయేది. ముర్రుపాలు పిండి పారబోసేవాళ్లు. గర్భిణులకు టీటీ సూదులు, శుభ్రమైన బ్లేడు, ఈ రెండే ఆ చావులను ఆపాయి. 2003లో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట నిర్ధారణ అయిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. దేశం మొత్తానికి ఆ మాట 2015లో వచ్చింది. నా ఉద్యోగంలో గర్వంగా చెప్పుకునే సంగతి ఏదన్నా ఉంటే అదే.

అయితే శిక్షణకు వచ్చిన మంత్రసానుల్లో కర్మన్‌ఘాట్ వైపు అవ్వ ఒకామె ఉండేది. నేను బొమ్మల అట్టలు చూపించి పాఠమంతా చెప్పాక ఆమె తాపీగా అంది: “బిడ్డను తీసుడు ఎవలన్న నేర్సుకుంటరు సిస్టరమ్మా. తల్లిని లేపుడే పని. మీ అట్టల మీద అదేడున్నది?” నిజంగానే లేదు. మా పాఠం మావి పడడంతో అయిపోయేది. ఆమె పని అక్కడి నుంచి మొదలయ్యేది.

నీళ్లాడిన ఇంటికి మంత్రసాని రోజూ పొద్దున్నే వచ్చేది. బాలింతకు నూనె పెట్టి, కాగిన నీళ్లు పోసి, నడుముకు గుడ్డ బిగించి, సాంబ్రాణి పొగ పట్టేది. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి స్నానం చేయించేది. నీళ్లు పోస్తూనే అన్నీ చూసేది. మైల గుడ్డ వాసన తేడాగా ఉందా, ఒంట్లో వేడి ఉందా, రొమ్ము గడ్డ కట్టిందా, బిడ్డ కండ్లు పచ్చబడ్డాయా, బాలింత ఊరికే ఏడుస్తోందా. అత్తగారు పత్తెం పేరుతో మాడుస్తుంటే ఎల్లిపాయ కారం, నెయ్యి పెట్టమని గదిమేది. అత్తను గదమాయించే హక్కు ఆ ఇంట్లో ఇంకెవరికీ ఉండేది కాదు. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి, బియ్యం, చీర, కొబ్బరికాయ తీసుకుని పోయేది. ఆ తర్వాత మాత్రం ఆమెను అదే ఇంటివాళ్లు గడప లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పురిటిమైలను ముట్టే పనిని కింది కులాల ఆడవాళ్లకు అప్పజెప్పి, ముట్టినందుకు వాళ్లనే దూరం పెట్టారు. మంత్రసాని చేతిని పొగుడుతూ పాతకాలమే బాగుండేదనే వాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఆసుపత్రి వైపు కథ ఇంకో దారిలో నడిచింది. విక్టోరియా జనానా ఆసుపత్రిని పాతబస్తీ జనం జజ్గీఖానా అన్నారు. పరదా పాటించే ఆడవాళ్లు రావడానికి వీలుగా ఆడవాళ్లకే ప్రత్యేకంగా కట్టారు. తర్వాత 1953లో రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. రాకుమారి నీలోఫర్ దగ్గర పనిచేసే రఫాత్ అనే ఆమె కాన్పులో చనిపోవడం, ఆ దుఃఖంలోంచి ఆసుపత్రి ఆలోచన పుట్టడం నగరంలో అందరికీ తెలిసిన కథే. ఇంచుమించు అదే కాలంలో, 1948లో, బొగ్గులకుంటలో ఫెర్నాండెజ్ దంపతులు రెండు పడకలతో చిన్న ప్రసూతి ఆసుపత్రి తెరిచారు. దాని మాట మళ్లీ వస్తుంది.

సరూర్‌నగర్ వాళ్లకు ఇవన్నీ దూరమే. నొప్పులు మొదలయ్యాక రిక్షానో ఆటోనో దొరికితే మలక్‌పేట మీదుగా జజ్గీఖానాకు, లేదంటే మంత్రసానికి కబురు. ఈ లెక్క 2005లో మారింది. ఆ ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, దాంతోపాటే ఆసుపత్రిలో కాన్పుకు డబ్బిచ్చే జననీ సురక్ష యోజన వచ్చాయి. ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలైంది. మంత్రసానుల శిక్షణ మానేశాం. ఇంట్లో కాన్పు చేయించొద్దని చెప్పడమే మా పని అయింది. 2017 జూన్‌లో సర్కారు దవాఖానలో కాన్పుకు డబ్బిచ్చే కేసీఆర్ కిట్ వచ్చాక ఆ పని కూడా తగ్గింది. ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లాడు పుడితే 12,000 రూపాయలు ఇచ్చేవాళ్లు. జనమే అడిగి సర్కారు దవాఖానకు పోయారు.

ఫలితం లెక్కల్లో ఉంది. 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు 154 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో ఇంకో లెక్క కూడా ఉంది: 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. బిడ్డను తీసే పనిని ఆసుపత్రి గెలుచుకుంది. తల్లిని లేపే పని ఎవరికి పోయింది? కడుపు మీద కుట్లతో మంచం దిగడానికే కష్టపడే పిల్లకు డిశ్చార్జి కాగితం, మాత్రల కవరు చేతికిచ్చి, కుట్లు విప్పడానికి రమ్మని తారీఖు చెప్పి పంపిస్తారు. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆమె, బిడ్డ, ఆఫీసుకు పోయే భర్త. వేడి నీళ్లు పోస్తూ ఒళ్లంతా చూసే చెయ్యి ఆ ఇంటికి రాదు. ఇరవై ఒక్క రోజుల బాకీ అన్నది దీన్నే.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపితే పసిబిడ్డల చావులు బాగా తగ్గుతాయని 1999లో రుజువు చేశారు. దాని మీద ఆధారపడి 2011లో దేశమంతా ఒక పద్ధతి పెట్టారు. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త పోవాలి. ఆ వరసలో 21 కనిపించినప్పుడు నాకు కర్మన్‌ఘాట్ అవ్వే గుర్తొచ్చింది. రోజూ వచ్చిన మనిషి బదులు ఆరుసార్లు వచ్చే మనిషి. అయినా మేలే. చిక్కల్లా ఎవరింటికి పోవాలన్నదే.

మా కాలనీల్లో అది చిన్న చిక్కు కాదు. విజయవాడ దారి, నాగార్జునసాగర్ దారి రెండూ ఇటే వస్తాయి. నల్లగొండ, దేవరకొండ, పాలమూరు, ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు మొదట ఆగింది ఇక్కడే. ఐదో నెలలో ఇక్కడ పేరు రాయించుకున్న పిల్ల ఏడో నెలలో సీమంతం చేయించుకుని పుట్టింటికి పోతుంది. మా రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా ‘పుట్టింటికి’ అని రాసి వదిలేసేవాళ్లం. రక్తం తక్కువని ఇక్కడ తెలిసిన సంగతి అక్కడి సిస్టర్‌కు తెలియదు. అక్కడ ఏమైందో మాకు తెలియదు. మూడు నెలల బిడ్డతో తిరిగొస్తే సరే, రాకపోతే అడగడానికి అడ్రసు ఉండదు. పరిధులు కూడా ఊరుకునేవి కావు. 1978లో రంగారెడ్డి జిల్లా, 1985లో మండలాలు, 2007లో గ్రేటర్ హైదరాబాద్. గీత మారిన ప్రతిసారీ రిజిస్టర్లు కట్టలు కట్టి పంపితే, ఆ ఇళ్ల చరిత్ర కూడా వాటితోపాటే అటకెక్కేది.

ఈ రిజిస్టర్ల బరువు దించాలని మొదట చూసిన చోట్లలో ఒకటి మన పక్క జిల్లానే అని చాలామందికి తెలియదు. తొంభైల్లో రాజస్థాన్‌లోని అజ్మీర్ దగ్గర ఆపిల్ కంపెనీ న్యూటన్ అనే చేతి కంప్యూటరుతో ఏఎన్‌ఎంల పని సులువు చేయొచ్చా అని ప్రయోగం జరిగింది. ఆ ఆలోచనే 2001 ప్రాంతంలో నల్లగొండ జిల్లాకు వచ్చింది. ప్రపంచ బ్యాంకు ఇన్ఫోడెవ్ సాయంతో, సీఎంసీ కంపెనీ తయారుచేసిన తెలుగు ప్రోగ్రాంతో, ఏఎన్‌ఎంల చేతికి అరచేతిలో పట్టే కంప్యూటర్లు ఇచ్చారు. ఒక్కో ఏఎన్‌ఎం కింద ఐదు వేల జనాభా, ఒకే పేరును పది రిజిస్టర్లలో రాసే చాకిరీ. ఒకసారి రాస్తే అన్నిచోట్లా అదే పడాలన్నది ఆశ. స్మార్ట్‌ఫోన్ అనే మాట కూడా మా ఇళ్లలో అడుగుపెట్టని రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తా నుంచి బస్సెక్కితే చేరేంత దూరంలో ఈ పని జరిగింది. ప్రయోగం దాటి అది నిలబడలేదు, కానీ తర్వాత వచ్చినవన్నీ ఆ దారిలోనే నడిచాయి.

2009లో కేంద్రం తల్లీబిడ్డలను పేరుపేరునా గుర్తుంచుకునే ఎంసీటీఎస్ అనే వ్యవస్థను ప్రకటించింది. అంతకుముందు మేం పైకి పంపేవి అంకెలే. ఈ నెల ఇందరు గర్భిణులు, ఇన్ని కాన్పులు, అంతే. మొదటిసారి అంకె స్థానంలో మనిషి పేరు, ఫోన్ నంబరు పైకి పోయాయి. తర్వాత అది ఆర్‌సీహెచ్ పోర్టల్ అయింది. 2016 ఏప్రిల్‌లో అన్‌మోల్ అనే యాప్ వచ్చింది. దాన్ని ముందుగా పట్టుకున్నది పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్. సిస్టర్లకు ట్యాబ్‌లు ఇచ్చారు. గర్భిణికి ఒక నంబరు వచ్చింది. పుట్టింటికి పోయినా ఆ నంబరు ఆమె వెంటే పోతుంది. దేవరకొండ సిస్టర్ ఆ నంబరు కొడితే సరూర్‌నగర్‌లో తీసిన బీపీ, రక్తం శాతం కనబడతాయి. రిమార్కుల కాలమ్‌లో ‘పుట్టింటికి’ అని రాసి చేతులు దులుపుకున్న మా తరానికి ఇదెంత పెద్ద మార్పో బయటివాళ్లకు అర్థం కావడం కష్టం.

అయితే ట్యాబ్ వచ్చిందని రిజిస్టరు పోలేదు. రెండూ రాశాం. కిట్ డబ్బు నాలుగు విడతల్లో వచ్చేది. పరీక్షలకు 3,000, కాన్పుకు 4,000 లేదా 5,000, మూడున్నర నెలల టీకాలకు 2,000, తొమ్మిదో నెల టీకాకు 3,000. ప్రతి విడతా ఆన్‌లైన్ ఎంట్రీతో ముడిపడింది. దాంతో బాలింతతో మా మాటల తీరు మారింది. “పాలు తాగుతుందా బిడ్డ?” అని నేనడిగితే “పైసలు పడలే సిస్టర్” అని జవాబు. ఆమె తప్పేం లేదు. కానీ ఎంట్రీ అనేది పైవాళ్ల ప్రశ్నలకు జవాబు. బాలింత అడిగే ప్రశ్నకు అందులో చోటు లేదు. బిడ్డ రాత్రంతా ఏడుస్తుంది, రొమ్ము పగిలింది, నాకు ఏడుపొస్తుంది, ఇవి ఏ గడిలో రాయాలి? లెక్క పెట్టడం వేరు, చూసుకోవడం వేరు. డిజిటల్ అన్న మాట కింద మనం మొదట కట్టుకున్నది లెక్కే.

చూసుకోవడం అటువైపు నుంచి కాకుండా ఇంకో గుమ్మంలోంచి వచ్చింది. బొగ్గులకుంట ఆసుపత్రిని పెంచిన డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్, కాన్పులన్నీ కోతలైపోతున్నాయని చూసి, 2011లో నర్సులను పూర్తిస్థాయి మిడ్‌వైఫ్‌లుగా తయారుచేసే చదువు మొదలుపెట్టారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి అదే చదువును కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు తెచ్చాయి. పద్దెనిమిది నెలల శిక్షణ. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ మిడ్‌వైఫ్ పిల్లలు నొప్పుల మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు కట్టరు. నడిపిస్తారు, గొంతుకూర్చోబెడతారు, నడుం రుద్దుతారు, పక్కన నిలబడతారు. మంత్రసానుల నాటి, తాడు పట్టుకుని గొంతుకూర్చునే పద్ధతిని అనాగరికమని మేం మాన్పించాం. వీళ్లు దాన్ని పుస్తకాలతో సహా తిరిగి తెచ్చారు.

తర్వాత 2020 వచ్చింది. మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే, 25వ తేదీన, ఫోన్లో వైద్యం చెప్పడానికి దేశంలో మొదటిసారి స్పష్టమైన నియమాలు వెలువడ్డాయి. గర్భిణులు ఆసుపత్రి గడప తొక్కడానికి భయపడ్డారు. అదే ఏడాది అక్టోబరులో వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి, చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో నానాయి. నెలలు నిండినవాళ్లు, పచ్చి బాలింతలు పై అంతస్తుల్లో చిక్కుకున్నారు. అప్పుడు ఫోనే మాకు కాళ్లయింది. బీపీ మిషన్ ఉన్న ఇల్లు అంకెల ఫోటో పంపేది. బిడ్డ రొమ్ము పట్టిన తీరు వీడియోలో చూసి “కిందిపెదవి బయటికి లాగు బిడ్డా” అని చెప్పడం సాధ్యమైంది. కుట్టు ఎర్రబడిందో లేదో చూశాం. మనసు కుంగిన తల్లిని పసిగట్టడానికి 1987లో ఎడిన్‌బరో పేరుతో తయారైన పది ప్రశ్నలు ఉన్నాయి. అవి గొంతు వింటూ అడగడానికి ఫోన్ బాగానే పనికొచ్చింది. ఎదుట అత్త కూర్చోదు కదా.

ఏది కాదో కూడా చెప్పాలి. ట్యూబులైటు వెలుగులో తీసిన ఫోటోలో బిడ్డ కామెర్లు తేల్చలేం. మైల వాసన ఫోన్లో రాదు. గర్భసంచి గట్టిపడిందో లేదో చెయ్యి పెడితేనే తెలుస్తుంది. రక్తం ఆగకుండా పోతుంటే కాల్‌లో మాట్లాడటం కాదు, 108 పిలవడమే. ఇంకో సంగతి ఫోన్ ఎవరిదన్నది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే దేశం మొత్తం మీద తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు 54 శాతం. మా పోర్టల్‌లో గర్భిణి నంబరు అని ఉన్న చోట చాలావరకు భర్త నంబరే ఉండేది. బాలింతను పలకరిద్దామని చేస్తే ఆయన ఏ సైటు మీదనో పనిలో ఉండి “సాయంత్రం చేయండి మేడం” అనేవాడు. సాయంత్రానికి ఆయన ఎదుట ఆమె “మంచిగనే ఉన్న” తప్ప ఇంకేం చెప్పదు.

నూట ఇరవై ఏళ్ల ఈ కథలో నాకు కనిపించే వరస ఒకటే. రాణి పేరు మీద ఫండ్ పెట్టినా, కిట్ ఇచ్చినా, ట్యాబ్ ఇచ్చినా పెద్దల చూపు కాన్పు రోజు మీదే ఉంది. ఆ రోజును గెలిచాం, అది చిన్న గెలుపు కాదు. దాని తర్వాతి రోజులను మాత్రం కులం పేరుతో చిన్నచూపు చూసిన ఆడవాళ్ల నుంచి తీసుకుని ఎవరికీ అప్పజెప్పకుండా వదిలేశాం. ఇప్పుడు వీడియో కాల్ ఆ ఖాళీలోకి వస్తోంది. డబ్బున్న కాలనీలో ఆ కాల్ అవతల కాన్పు చేసిన మిడ్‌వైఫే ఉంటుంది. చెరువు వెనక బస్తీలో రికార్డు చేసిన గొంతు వినిపిస్తే రెండూ ఒకటి కావు. మంత్రసాని మాట అత్త వినింది ఆమె తెలిసిన మనిషి కాబట్టి, రేపు మళ్లీ వస్తుంది కాబట్టి.

అందుకని నా తర్వాత వచ్చిన పిల్లలు సలహా అడిగితే రెండే చెబుతున్నాను. పేరు రాసుకునే మొదటి రోజునే బాలింత కాబోయే ఆమె సొంత నంబరు రాయండి. లేకపోతే పక్కింటి ఆడమనిషిది రాయండి, భర్తది చివర. రెండోది, మూడో నెలలో బీపీ చూసిన సిస్టరే ఇరవై ఒకటో రోజున కూడా ఫోన్ చేయాలి. ఫోన్లో తేడా అనిపిస్తే ఆమే మెట్లెక్కి పోవాలి. ఇది చేయడానికి కొత్త యాప్ అక్కర్లేదు. సిస్టర్లను నెలకో చోటికి బదిలీ చేయడం ఆపి, ఒక్కొక్కరి కింద ఇన్ని ఇళ్లని కుదురుగా నిలపాలి. ఆ పని సర్వర్ చేయదు, జీవో చేస్తుంది.